తలుపు వేసిన గది, తడిక వేసిన గూడెం

భద్రాచలం చూడనివాళ్లు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి? శ్రీరామనవమి కల్యాణానికి కాకపోయినా, పిల్లల పుట్టువెంట్రుకలకో, పెళ్లయిన కొత్తలో మొక్కు తీర్చుకోవడానికో ఒక్కసారైనా వెళ్లే ఉంటారు. గోదావరిలో మునక వేసి, గుడి మెట్లెక్కి, స్వామి దర్శనం చేసుకుని, పర్ణశాల కూడా చూసేసి సాయంత్రం బస్సుకు తిరుగుముఖం పడతాం. దారిపొడవునా కనబడే అడవి మనకు కిటికీలోంచి చూసే బొమ్మ మాత్రమే. అందులో ఎవరుంటారో, ఎలా ఉంటారో మనకెందుకు?

నేనూ అలాగే నాలుగుసార్లు వెళ్లొచ్చాను. ఐదోసారి మాత్రం బండి దిగి, ఆ అడవి అంచున ఒక పూట కూర్చున్నాను. ఆ ముచ్చటే మీకు చెబుదామని. గుడి గురించి కొంచెం, మనుషుల గురించి ఎక్కువ చెబుతాను. మధ్యలో జపాన్ కూడా వస్తుంది. కంగారు పడకండి, మళ్లీ ఖమ్మానికే తీసుకొచ్చి దింపుతాను.

అక్కయ్య ఇంట్లో

మా అక్కయ్యది ఖమ్మం. బావగారు రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు. ఇంజనీరింగ్ పూర్తిచేసి హైదరాబాదులో ఏడాదిన్నర ఉద్యోగం చేశాడు. ఏం జరిగిందో ఏమో, ఒక పండక్కి ఇంటికొచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. మొదటి నెల "రెస్టు తీసుకుంటున్నాడు" అన్నారు. మూడో నెల "వేరే ఉద్యోగం చూసుకుంటున్నాడు" అన్నారు. ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు. నేను వెళ్లేటప్పటికి రెండేళ్లు నిండాయి.

గది దాటి రాడు. కంచం తలుపు దగ్గర పెడితే తీసుకుంటాడు. తిన్నాక శుభ్రంగా కడిగి మళ్లీ అక్కడే పెడతాడు. అందరూ పడుకున్నాక ఏ అర్ధరాత్రో వంటింట్లో లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. అంతే.

ఇక చుట్టాలున్నారు కదా, ఊరుకుంటారా? "బద్ధకం. నాలుగు తగిలిస్తే వాడే వస్తాడు" అన్నాడు ఒకాయన. "సెల్‌ఫోను పిచ్చి" అంది ఒకావిడ. "ఏదో ప్రేమ వ్యవహారం అయ్యుంటుంది" అని ఇంకొకరి అనుమానం. "ఒక్క కొడుకని గారాబం చేశారు, అనుభవిస్తున్నారు" అన్న మాట మాత్రం అక్కయ్య చెవిన పడేటట్టే అన్నారు.

నేను వెళ్లిన రోజు రాత్రి అక్కయ్య అంది, "రామయ్యకు మొక్కుకున్నానే. వాడు వస్తాడనుకున్నా. రాడు. మనిద్దరమైనా వెళ్లొద్దాం." బావగారు ఇంటి దగ్గర ఉంటానన్నారు. మర్నాడు తెల్లవారుజామునే కారు మాట్లాడుకుని బయల్దేరాం. బండి కదిలేముందు అక్కయ్య వెనక్కి తిరిగి ఆ గది కిటికీ వంక చూసింది. కర్టెన్ కదల్లేదు.

రామయ్య సన్నిధిలో

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు నూటఇరవై కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక కాగితపు మిల్లు దగ్గరికి వచ్చేసరికి గోదావరి గాలి తగులుతుంది. వంతెన మీద ఎవరు చెప్పకపోయినా చేతులు వాటంతటవే జోడిస్తాం. మేం వెళ్లింది శివరాత్రి దాటాక. నది ఇసుక తిన్నెల మధ్య సన్నగా, బుద్ధిగా పారుతోంది. ఈ నదే 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు లేచిందంటే నమ్మబుద్ధి కాదు. బుద్ధిగా కనిపించేవాటి లోపల ఏముందో పైకి తెలియదు కదా.

దర్శనం బాగా జరిగింది. మనకు భద్రాచలం అంటే భక్త రామదాసు. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న గుడి కట్టించి, పన్నెండేళ్లు గోలకొండ చెరలో మగ్గాడని చిన్నప్పటి నుంచీ విన్న కథే. కానీ ఆయనకంటే ముందు ఇంకొకావిడ ఉంది. పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెంలో ఉండే గిరిజన స్త్రీ. పుట్టలో ఉన్న స్వామిని మొదట కనుగొన్నది ఆవిడేననీ, తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టి కొలిచిందనీ స్థలపురాణం. అంటే మనం ఇంత దూరం వచ్చి దండం పెట్టుకునే దేవుడికి మొదటి నైవేద్యం అడవి మనిషి చేతిదన్నమాట.

మెట్ల మీద కూర్చుని ప్రసాదం తింటుంటే అక్కయ్య మెల్లగా అంది. "రామదాసును ఎవరో చెరలో పెట్టారు. ఎవరో డబ్బు కడితే విడిచిపెట్టారు. మావాణ్ణి ఎవరు పెట్టారే చెరలో? ఎవరికి కట్టాలి?"

నా దగ్గర జవాబు లేదు.

"మనిషిని చూస్తే పారిపోతారమ్మా!"

నా హాస్టలు స్నేహితురాలు ఒకతె దమ్మపేట వైపు అంగన్‌వాడీ టీచరు. తిరుగు ప్రయాణంలో తన దగ్గర ఒక రాత్రి ఉండి వెళ్లమని ఎప్పటి నుంచో పోరుతోంది. అందుకని వచ్చిన దారినే కాకుండా పాల్వంచ దగ్గర ములకలపల్లి రోడ్డు పట్టాం. ఆ దారి చూడాలి మీరు! ఒకవైపు ఆయిల్ పామ్ తోటలు, వరసలు దిద్దినట్టు. ఇంకోవైపు టేకు, వెదురు, ఇప్పచెట్లు. ఇప్పపూల వాసన కారు అద్దాలు వేసినా లోపలికి వచ్చేస్తోంది.

"మా సెంటరు పరిధిలో కొండరెడ్ల గూడెం ఒకటుంది. రేపు పొద్దున్నే నాతో వస్తారా?" అని ఫోన్లో అడిగింది స్నేహితురాలు. ఆ మాట విని మా డ్రైవరు నవ్వాడు. "కొండరెడ్లా? వాళ్లు మనిషిని చూస్తే పారిపోతారమ్మా. నోరు విప్పరు. విప్పినా వాళ్ల భాష మనకు అర్థం కాదు. అందరూ ఒక్కలాగే ఉంటారు."

అతన్ని తప్పుపట్టకండి. పెద్ద పెద్ద కాగితాల్లోనే అలా రాసి ఉంది. ఏ తెగను షెడ్యూల్డు తెగగా గుర్తించాలో చెప్పడానికి 1965లో లోకూర్ కమిటీ ఐదు లక్షణాలు పెట్టింది. అందులో ఒకటి, బయటివారితో కలవడానికి బిడియం! తెలంగాణలో మరీ వెనుకబడిన గిరిజనులుగా ప్రత్యేకంగా గుర్తించినవాళ్లలో చెంచులు, కొలాములు, తోటీలతోపాటు కొండరెడ్లు కూడా ఉన్నారు. కాగితం మీద 'బిడియస్తులు' అని రాస్తే చాలు, ఎందుకు బిడియమో ఎవరూ అడగరు.

ఒక్క గూడెంలో ఎన్ని రకాలో

ఆ గూడెం పేరు రాయను. రాస్తే సెలవులకు కార్లేసుకుని చూడ్డానికి వెళతారేమోనని నా భయం. అది ఎవరిదో ఇల్లు, ఎగ్జిబిషన్ కాదు. ఇరవై ఇళ్ల గూడెం. వెదురు తడికల గోడలు, మట్టి మెత్తి అలికిన నేలలు. కొన్ని ఇళ్లకు గడ్డి కప్పు, కొన్నింటికి రేకులు. మన పెరటికన్నా శుభ్రంగా ఉన్నాయి వాకిళ్లు.

డ్రైవరు చెప్పిన మాటల్లో మొదట కూలిపోయింది భాష. కొండరెడ్ల మాతృభాష తెలుగే! యాస వేరు, అంతే. సొంత భాష ఉన్నది కోయవాళ్లకు. మనం అందరినీ కలిపి 'కోయవాళ్లు' అనేస్తాం.

ఇక పారిపోవడం సంగతి. మేం వెళ్లేసరికి నిజంగానే ఒక ముసలాయన పెరట్లోంచి లేచి కొండవైపు వెళ్లిపోయాడు. "చూశారామ్మా!" అన్నాడు డ్రైవరు. కానీ పక్కింటి కుర్రాడు నవ్వుతూ వచ్చి మంచం వాల్చాడు. వాడికి ఆటో ఉంది, దమ్మపేట, అశ్వారావుపేట తిరుగుతాడు. ఇంకో ఇంటి అమ్మాయి హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోందట, సెలవుకు వచ్చింది. మా అక్కయ్య చీర అంచు పట్టుకుని, "ఏ డిజైనండీ ఇది?" అని అడిగేసింది. ఒకావిడ మాత్రం వంచిన తల ఎత్తకుండా బుట్ట అల్లుతూనే ఉంది. మాకు కోపం వచ్చిందనుకుందేమో స్నేహితురాలు చెప్పింది, "ఆవిడ వాళ్లాయనతో కూడా అంతే. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. స్వభావం."

మరి ఆ ముసలాయన? "తాత పోడు చేసేటోడు. ప్యాంటు చొక్కా వేసుకున్నోళ్లు కారులో వస్తే భూమి అడగడానికో, కేసు పెట్టడానికో అనుకుంటాడు" అన్నాడు ఆటో కుర్రాడు. అంటే ఆయన పారిపోయింది మనిషిని చూసి కాదు, కారును చూసి!

ఇందులో ఆశ్చర్యం లేదు. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు ఈ పాపికొండల ప్రాంతపు రెడ్లతో కలిసి తిరిగి 1945లో ఒక పుస్తకం అచ్చువేశాడు. గోదావరి ఒడ్డున ఉండే రెడ్లు వేరు, కొండల మీద ఉండే రెడ్లు వేరు అని అప్పుడే గమనించి రాశాడు. వెదురు, కలప కొట్టించే వ్యాపారుల అప్పుల కింద ఒడ్డున ఉన్నవాళ్లు ఎలా నలిగారో కూడా రాశాడు. అలాంటి అనుభవం ఉన్నవాళ్లు కొత్త మనిషిని చూసి తడిక వేసుకుంటే దాన్ని బిడియం అందామా, జాగ్రత్త అందామా? ఇంకో సంగతి. చెట్టు కల్లు మీద సర్కారు పన్నులూ ఆంక్షలూ పెట్టినప్పుడు 1879లో రంప మన్యంలో తెల్లదొరల మీద తిరగబడినవాళ్లలో కొండరెడ్లూ ఉన్నారు. నోరు విప్పనివాళ్లు చేసే పనేనా అది?

"మీరేం మాట్లాడారు?"

అసలు ముచ్చట ఇప్పుడు వస్తుంది.

ఒక పెద్దావిడ చేటలో ఏదో పిండి ఆరబోస్తోంది. నల్లగా, గోధుమరంగుకూ బూడిదరంగుకూ మధ్యగా ఉంది. అడిగితే మామిడి టెంకల పిండి అంది. మనం పండు తిని టెంక పారేస్తాం కదా, వాళ్లు ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడి తీసి దంచుతారు. ఆ జీడి ఒట్టి వగరు, చేదు. అందుకని బుట్టలో పోసి, పారే వాగు నీళ్ల కింద కొన్ని రోజులు ఉంచుతారు. వగరంతా నీళ్లతో పోయాక ఎండబెట్టి పిండి చేసుకుంటారు. వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోయినప్పుడు ఆ పిండితో అంబలి కాచుకుంటారు. జీలుగు చెట్టు మొదలు కొట్టి లోపలి గుజ్జుతో కూడా ఇలాగే పిండి తీస్తారట. ఒక్క గ్లాసుడు అంబలి మాకూ ఇచ్చింది. ఉప్పు వేసుకుని తాగాం. రుచి చెప్పలేను కానీ, కడుపులో చల్లగా, నిండుగా ఉంది. మీరు ఇంట్లో ప్రయత్నించకండి. ఆ వాగు నీళ్లు మన కొళాయిలో రావు.

అంబలి తాగాక అక్కయ్యకు చనువు వచ్చింది. "ఏమ్మా, ఇంత బాగా మాట్లాడుతున్నారు కదా. మరి మీవాళ్లు బయటివాళ్లతో మాట్లాడరని అంటారేం?" అని అడిగేసింది. నాకు సిగ్గేసింది.

ఆ పెద్దావిడ చేట పక్కన పెట్టింది. కోపం లేదు మొహంలో. "మీవోళ్లు వచ్చి ఏం మాట్లాడతారమ్మా మాతో? ఎంతమంది ఉన్నారంటారు. ఆధార్ కార్డు ఉందా అంటారు. చీపుర్లు ఎంతకిస్తావంటారు. ఫొటో తీసుకుంటారు, పోతారు. దానికి ఏం మాట్లాడాల? ఈ టీచరమ్మ వస్తే కాలు నొప్పి ఎట్లుందని అడుగుద్ది. చెప్తాం."

అక్కయ్య ఇంకేమీ అడగలేదు. ఒక బుట్ట కొనుక్కుంది. బేరం ఆడలేదు.

వెనక్కి నడుస్తుంటే స్నేహితురాలు దూరంగా చెట్ల మధ్య ఇంకో గూడెం చూపించింది. గుత్తికోయలది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం, మావోయిస్టుల మధ్య నలిగిపోయి, ఇల్లూ వాకిలీ వదిలేసి సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చినవాళ్లు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుంను తప్పుపట్టినా, వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. తెలంగాణలో వాళ్లకు గిరిజన గుర్తింపు లేదు. తెలుగు రాదు. "వాళ్లూ దూరంగానే ఉంటారు. కానీ వాళ్ల కారణం వేరు" అంది. చూశారా, ఒకే అడవి, దూరంగా ఉండేవాళ్లందరినీ మనం ఒకే మాటతో పిలుస్తాం. ఒకరిది స్వభావం, ఒకరిది పాత దెబ్బ, ఒకరిది భయం, ఒకరిది భాష. ఇంకొకరిని అసలు పలకరించినవాళ్లే లేరు.

జపాన్ నుంచి వచ్చిన కాగితాలు

ఆ రాత్రి స్నేహితురాలి ఇంట్లో పడుకున్నాం. మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది. పెద్దమ్మ కొడుకు సంగతి విని, 'ఇవి చదువమ్మా' అంటూ నాకు కొన్ని కాగితాలు ప్రింటు తీసి ఇచ్చింది. సంచిలోంచి తీసి అక్కయ్యకు చదివి వినిపించాను.

జపాన్‌లో 'హికికొమోరి' అనే మాట ఉంది. లోపలికి ముడుచుకుపోవడం అని అర్థం చెప్పుకోవచ్చు. ఆరు నెలలకు పైగా చదువుకూ, ఉద్యోగానికీ పోకుండా, మనుషులతో కలవకుండా దాదాపు ఇంట్లోనే ఉండిపోయేవాళ్లను అలా అంటారు. సైతో తమాకి అనే మానసిక వైద్యుడు 1998లో రాసిన పుస్తకంతో ఈ మాట దేశమంతా పాకింది. అక్కడా మనలాగే ఒక బొమ్మ గీసేశారు. కుర్రాడు, మగపిల్లాడు, బద్ధకస్తుడు, వీడియో గేములు, తల్లి చాటు బిడ్డ. అంతే.

తర్వాత ప్రభుత్వం లెక్కలు తీసింది. 2016లో చెప్పిన లెక్క ప్రకారం 15 నుంచి 39 ఏళ్లవాళ్లలో సుమారు 5 లక్షల 41 వేల మంది. అప్పటికి నలభై దాటినవాళ్లను లెక్కించలేదు. కుర్రాళ్ల సమస్యే కదా అనుకున్నారు. తీరా లెక్కిస్తే 2019లో తేలింది, 40 నుంచి 64 ఏళ్ల మధ్య ఇంకా ఎక్కువ, 6 లక్షల 13 వేల మంది ఉన్నారని! ఎనభై ఏళ్ల తల్లిదండ్రులు యాభై ఏళ్ల బిడ్డకు పింఛను డబ్బుతో అన్నం పెడుతున్న ఇళ్లు బయటపడ్డాయి. 2023లో వచ్చిన అంచనా 15 నుంచి 64 ఏళ్ల వరకు కలిపి సుమారు 14 లక్షల 60 వేలు.

కారణాలు చూస్తే ఒకటి కాదు. ఒకరు ఉద్యోగం పోయినవాళ్లు, ఒకరు బళ్లో తోటిపిల్లలు ఏడిపిస్తే ముడుచుకున్నవాళ్లు, ఒకరికి జబ్బు, ఒకరికి మనుషులతో పొసగలేదు, కరోనా వచ్చి ఇంట్లో ఉండి మళ్లీ బయటికి రాలేనివాళ్లు కొందరు. కొందరు గది దాటరు. కొందరు వీధి చివరి కొట్టుకు వెళ్లొస్తారు, ఎవరితోనూ మాట్లాడరు, అంతే తేడా.

"ఇంకో సంగతి విను" అని నేను చదివాను. మొదట్లో చేసిన సర్వేల్లో 'నేను గృహిణిని' అని రాసిన ఆడవాళ్లను ఈ లెక్కలోంచి తీసేశారట. ఇంట్లో ఉండటం వాళ్ల పనే కదా అని! ఆ తర్వాత మార్చారు. గృహిణి అయినా సరే, ఇంట్లోవాళ్లతో తప్ప ఎవరితోనూ మాటలు లేకపోతే లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. అలా లెక్కించేసరికి 2023లో చెప్పిన వివరాల ప్రకారం నలభై దాటినవాళ్లలో సగానికి కొంచెం పైగా ఆడవాళ్లే తేలారు. ఇన్నేళ్లూ 'మగపిల్లల జబ్బు' అనుకున్నది!

అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను. చీకట్లో అంది, "మరి నన్ను ఎవరు లెక్కపెట్టారే?"

అప్పుడు గుర్తొచ్చాయి నాకు ఒక్కొక్కటే. మరిది కూతురి పెళ్లికి అక్కయ్య రాలేదు, మోకాళ్ల నొప్పులంది. శ్రావణమాసం పేరంటాలకు పోవడం మానేసింది. కూరలబండి గేటు ముందుకు వస్తే బావగారే వెళుతున్నారు. "ఎక్కడికెళ్లినా అదే ప్రశ్న కదే, మీవాడు ఏం చేస్తున్నాడని. చెప్పలేక మానేశా. వాడు గదిలో ఉన్నాడని అందరికీ తెలుసు. నేను రెండేళ్లుగా గడప దాటలేదని ఈ రోజు దాకా నాకే తెలియదు."

కొడుకు ముడుచుకుంటే అది సమస్య. తల్లి ముడుచుకుంటే అది అణకువ, సంసారపక్షం. మీ వీధిలో కూడా ఒకావిడ ఉండే ఉంటుంది, ఆలోచించి చూడండి. 'పాపం ఇల్లు కదలదు, బుద్ధిమంతురాలు' అని మనమే మెచ్చుకుంటూ ఉంటాం.

మళ్లీ ఖమ్మం

మర్నాడు సత్తుపల్లి మీదుగా ఖమ్మం చేరాం. కంచం పెట్టే వేళ అయ్యింది. రోజూ అక్కయ్య కంచం పెట్టి, తలుపు మీద తట్టి, ఏదో ఒకటి అడుగుతుంది. "అప్లికేషన్ పెట్టావా? నాన్నగారు అడుగుతున్నారు. ఎన్నాళ్లురా ఇలాగ?" లోపలి నుంచి జవాబు రాదు.

ఆ రోజు కంచం పెట్టి అక్కయ్య తలుపు పక్కన నేల మీద కూర్చుంది. "ఒరేయ్, నిన్న మామిడి టెంకల అంబలి తాగానురా" అంది. వాగులో నానబెట్టడం, ఆ పెద్దావిడ మాట, కారును చూసి కొండెక్కిన తాత, అన్నీ చెప్పింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చెప్పడం అయిపోయాక లేచింది.

లోపలి నుంచి గొంతు వినబడింది. "చేదుగా లేదా?"

రెండే మాటలు. అక్కయ్య తలుపుకు చెయ్యి ఆనించి, "లేదురా, ఉప్పు వేసుకుంటే బాగుంది" అంది. వంటింట్లోకి వచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తర్వాత పిల్లాడు తలుపు తీసుకుని వచ్చి ఉద్యోగంలో చేరిపోయాడని రాస్తే మీకు సంతోషంగా ఉంటుంది. కానీ అలా జరగలేదు. ఇప్పటికీ గదిలోనే ఎక్కువ ఉంటాడు. అయితే రాత్రి వంటింట్లో లైటు వెలిగినప్పుడు అక్కయ్య కూడా లేచి, పలకరించకుండా, తన కోసం అన్నట్టు టీ పెట్టుకుంటుంది. రెండు కప్పులు. ఒకటి ఖాళీ అవుతుంది. నెల తిరగకముందే ఇద్దరూ కలిసి ఫోన్లో ఒక డాక్టరుతో మాట్లాడారు. అక్కయ్య శుక్రవారం గుడికి, మంగళవారం కూరల మార్కెట్టుకు ఒక్కతే వెళుతోంది. ఎవరైనా "మీవాడు ఏం చేస్తున్నాడు?" అంటే, "ఇంట్లో ఉన్నాడు, ఒంట్లో బాగా లేదు, కోలుకుంటున్నాడు" అని చెప్పేస్తోంది. చెప్పాక వాళ్లే చూపు తిప్పుకుంటున్నారట!

మన ఇంట్లోనే అయితే

ఒకటి, 'బద్ధకం', 'పొగరు', 'ఫోను పిచ్చి' అని పేరు పెట్టకండి. పేరు పెడితే కారణం వెతకడం ఆగిపోతుంది.

రెండు, రోజుకు ఒక్క మాటైనా పని గురించి కానిది, ప్రశ్న కానిది మాట్లాడండి. జవాబు రాకపోయినా సరే.

మూడు, తలుపు పగలగొట్టడం, చుట్టాలందరినీ పిలిచి బుద్ధి చెప్పించడం వద్దు. వెనక దిగులు జబ్బు కూడా ఉండొచ్చు. డాక్టరును కలవాలి. వాళ్లు రాకపోతే ముందు మీరే వెళ్లి మాట్లాడండి. టెలిమానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత ఫోను ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోతానన్న మాట వినబడితే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నాలుగు, మీరు గడప దాటి ఎన్నాళ్లయ్యింది? ఇది అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

మీరూ వెళ్లాలనుకుంటే

భద్రాచలానికి దగ్గరి రైల్వే స్టేషను కొత్తగూడెంలో ఉంది. పేరు భద్రాచలం రోడ్డు. అక్కడి నుంచి గుడికి ఇంకా నలభై కిలోమీటర్లు, బస్సులు బాగానే ఉంటాయి. పర్ణశాల భద్రాచలం నుంచి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరం. కార్తీకం నుంచి మాఘం దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో అడవి దారి వేడిగా ఉన్నా, ఇప్పపూలు చూడాలంటే ఫాల్గుణం, చైత్రం మంచివి. వర్షాకాలంలో గోదావరి ఎంత ఉందో కనుక్కుని బయల్దేరండి.

తేనె, చింతపండు, కుంకుడుకాయలు లాంటివి గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతాయి. వెదురు బుట్టలు, కొండచీపుర్లు సంతల్లో కొనుక్కోవచ్చు. పది రూపాయల దగ్గర బేరం ఆడకండి. తెలిసినవాళ్లు తోడు లేకుండా గూడేల్లోకి వెళ్లకండి. అడగకుండా ఫొటో తీయకండి. ఎవరైనా మిమ్మల్ని చూసి తడిక వేసుకుంటే, చిన్నబుచ్చుకోకండి. వాళ్ల కారణం వాళ్లకుంటుంది.

అక్కయ్య కొన్న వెదురు బుట్ట ఇప్పుడు ఆ గది తలుపు పక్కనే ఉంది. మొదట అందులో ఉల్లిపాయలు పోద్దామనుకుంది. తర్వాత మానేసి, రోజూ ఏదో ఒక పండు అందులో పెడుతోంది. తలుపు తట్టదు. మొన్న ఫోనులో చెప్పింది. పండు తీసుకున్న రోజున బుట్టలో టెంక కడిగి పెడుతున్నాడట.